పుట్ ఎక్కం

యూ టీ అనే పేటలో మా ఫ్లాట్‌లో పాలు కాగక ముందే ఎక్కాలు మొదలయ్యేవి. లెక్కల ఎక్కాలు కాదు, ఇంగ్లీషు ఎక్కాలు.

"టేక్ ఆఫ్టర్, రిసెంబుల్. టేక్ బ్యాక్, రిటర్న్. టేక్ డౌన్, రైట్..."

బాబ్జీ ముందు అనేవాడు. రమీరో వెనకాలే అందుకునేవాడు.

బాబ్జీది అమలాపురం దగ్గర పల్లెటూరు, నాది కందుకూరు పక్కన. ఇద్దరం అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం హడలిపోతున్న రోజుల్లో ఈ దేశానికి వచ్చిపడ్డాం. ఫ్లాట్ బాబ్జీ, అతని భార్య కల్పన పేరు మీద ఉంది. ఒక గది నాది. వంటింటి పక్క చిన్నగది రమీరోది. అతను పెరూ మనిషి. సైన్స్ పార్క్‌లో మా ఆఫీసులోనే పని.

ప్రోగ్రాం ముందు కూర్చుంటే రమీరోకి తిరుగులేదు. నోరు తెరవాలంటేనే చెమటలు. పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు అతనికి తెలుసు. పోస్ట్‌పోన్, టాలరేట్ లాంటివాటికి స్పానిష్‌లో చుట్టాలున్నాయట. అతని ప్రాణం తీసేవి చిన్నమాటలే. పుట్ అంటే పెట్టడం. దాని పక్కన ఆఫ్ చేరితే వాయిదా వేయడం. అప్ విత్ చేరితే భరించడం.

"పెట్టడానికీ భరించడానికీ ఏం సంబంధం?" అని నన్ను నిలదీసేవాడు, ఆ భాష నేనే కనిపెట్టినట్టు.

ఇది చాలదన్నట్టు మా మేనేజరు మిసెస్ లిమ్ ఇక్కడివాళ్ల ఇంగ్లీషులో "ఆఫ్ ద లైట్ లా", "ఆన్ ద ఫ్యాన్" అనేది. పుస్తకంలో వాటి ముందు టర్న్ అనో స్విచ్ అనో ఇంకో మాట ఉంటుంది కదా, ఆవిడ దాన్నెక్కడ పారేసిందని అతని బాధ.

ఒకరోజు మిసెస్ లిమ్ అతన్ని పిలిచి తేల్చి చెప్పేసింది. మెల్‌బోర్న్ బీమా కంపెనీ వాళ్లతో ప్రతి బుధవారం ఫోనులో మాట్లాడాలి. ఇకమీదట అతని ప్రోగ్రాం గురించి అతనే మాట్లాడాలి. మాట్లాడగలిగితే ఉద్యోగం ఖాయం. లేదంటే ఇక్కడ పనిచేసే పాస్ రద్దు, లీమాకి విమానం. అప్పటికే అక్కడ అతని భార్య టీచరు ఉద్యోగం మానేసి పెట్టెలు సర్దుకుంటోంది.

"నేనున్నాగా," అన్నాడు బాబ్జీ. డిక్షనరీ ముందు వేసుకుని, చిన్నమాటల్ని అక్షరక్రమంలో పేర్చి, మా ఊళ్ల బళ్లలో ఎక్కాలు చెప్పించినట్టు చెప్పించడం మొదలుపెట్టాడు. రాగంతో సహా.

కల్పనకి వారం తిరక్కుండానే విసుగొచ్చింది.

"ఏవండీ, పక్కింటి చైనీస్ ఆంటీ లిఫ్ట్‌లో ఆపి అడిగింది, మీ ఇంట్లో రోజూ ఏం పూజని."

"ఏమన్నావు?"

"ఆస్ట్రేలియా దేవతకి అన్నాను. ఇంకేమంటాను?"

రమీరో మాత్రం శ్రద్ధగా నేర్చుకున్నాడు. గెట్ ఎక్కం, టేక్ ఎక్కం, పుట్ ఎక్కం తడబడకుండా అప్పజెప్పేవాడు. ఒకరోజు రైల్లో ఊరికే అడిగాను, "పుట్ ఆఫ్ అంటే?" అని. కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. పుట్ అక్రాస్ దగ్గర బయల్దేరాడని అర్థమైంది. స్టేషను దాటిపోయాక జవాబిచ్చాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. ఏడెనిమిదులు ఎంతంటే నేను ఇప్పటికీ ఏడొకట్ల నుంచే రావాలి.

బాబ్జీకి చెప్పాను.

"నువ్వూ నేనూ అలాగే కదరా నేర్చుకున్నాం? మనకి రాలేదా?" అన్నాడు.

బుధవారం వచ్చింది. గదిలో టేబుల్ మధ్య స్పీకర్ ఫోను, చుట్టూ మేం ముగ్గురం, తలుపు దగ్గర చేతులు కట్టుకుని మిసెస్ లిమ్. మెల్‌బోర్న్ ఆవిడ గొంతు హుషారుగా ఉంది.

"రమీరో, శుక్రవారం టెస్ట్‌కి గో ఎహెడ్ చెయ్యొచ్చా, పుట్ ఆఫ్ చెయ్యాలా?"

రెండెక్కాలు ఒకేసారి. రమీరో కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

"హలో? ఉన్నారా?"

పుట్ బ్యాక్ దగ్గర ఆగిపోయాడు. ముందుకు కదలడం లేదు. బళ్లో ఎవడైనా మధ్యలో తడబడితే పక్కవాడు అందించడం మాకు చిన్నప్పటి అలవాటు. బాబ్జీ ఆగలేకపోయాడు.

"పుట్ డౌన్, సప్రెస్!" అన్నాడు పైకి.

రమీరో ప్రాణం లేచొచ్చినట్టు గొంతెత్తి అందుకున్నాడు. "పుట్ డౌన్, సప్రెస్! పుట్ ఫార్వర్డ్, ప్రపోజ్! పుట్ ఇన్..." బాబ్జీ కూడా గొంతు కలిపాడు. ఇద్దరూ రాగం తప్పలేదు.

మెల్‌బోర్న్ ఆవిడ ఇద్దరూ ఆగేదాకా వింది. తర్వాత మెల్లగా, "మీరక్కడ ఇంకా తర్జనభర్జన పడుతున్నట్టున్నారు. సిద్ధంగా లేరని అర్థమైంది. వచ్చే బుధవారం చూద్దాం," అని పెట్టేసింది.

ప్రోగ్రాం సిద్ధంగానే ఉంది. శుక్రవారం కాదు, ఆ సాయంత్రమే టెస్ట్ పెట్టినా గట్టెక్కేది.

మిసెస్ లిమ్ అరవలేదు. అరిచినా బాగుండేది. "వచ్చే బుధవారం ఆఖరు," అంది రమీరోతో. బాబ్జీ వైపు తిరిగి, "నువ్వు ఈ గదిలోకి రావద్దు," అంది.

ఇంటికొచ్చాక బాబ్జీ మళ్లీ డిక్షనరీ తెరిచాడు. "తప్పు నాదేరా. అక్షరక్రమం కాకుండా..."

రమీరో దాన్ని మూసేశాడు. "బాబ్జీ, నో," అన్నాడు. తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ వారమంతా ఇంట్లో ఎక్కాలు వినిపించలేదు. కల్పన మాత్రం హాయిగా నిద్రపోయింది.

మళ్లీ బుధవారం. గదిలో ఈసారి రమీరో, నేను, మిసెస్ లిమ్. మెల్‌బోర్న్ ఆవిడ ఏదో అడిగింది. అందులో రన్ త్రూ ఉంది, సార్ట్ అవుట్ ఉంది, ఇంకేదో ఉంది. నాకే సగం అందలేదు. అలవాటు కొద్దీ "ఓకే మేడమ్" అనబోయాను. ఏదడిగినా ముందు సరే అనేసి, తర్వాత బాబ్జీ, నేను మొహాలు చూసుకోవడం మా పద్ధతి. బళ్లో మేస్టారు "అర్థమైందా?" అంటే అయిందనడమే తప్ప, కాలేదని అన్నవాణ్ని నేను చూడలేదు.

రమీరో ఫోను మీదికి వంగాడు.

"మేడమ్, నాకు అర్థం కాలేదు. వేరే మాటలో చెప్పండి."

మిసెస్ లిమ్ తలెత్తింది.

"ఓ, సారీ," అంది మెల్‌బోర్న్ ఆవిడ. "దశల్ని వరసగా వివరించగలరా? తప్పుల్ని సరిచేశారా?"

ఎక్స్‌ప్లెయిన్. కరెక్ట్. రెండూ రమీరోకి చుట్టాలే. గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. గ్రామర్ ఎక్కడికక్కడ విరిగింది, ఆవిడ పట్టించుకోలేదు. మధ్యలో ఇంకోసారి అడ్డుపడి "వేరే మాట ప్లీజ్" అన్నాడు. ఆవిడ విసుక్కోకుండా చెప్పింది. టెస్ట్ శుక్రవారానికి ఖాయమైంది. ఫోను పెట్టాక మిసెస్ లిమ్, "పాస్ కాగితాలు పంపిస్తాను. మీ ఆవిణ్ని రమ్మను," అని వెళ్లిపోయింది.

బయట బాబ్జీ కాచుకుని ఉన్నాడు. "ఏమైందిరా? ఏ ఎక్కం అడిగింది?"

జరిగింది చెప్పాను. వాడి మొహంలో సంతోషం, కోపం కలిసి వచ్చాయి.

"అర్థం కాలేదన్నాడా? క్లయింట్‌తోనా?"

"ఆ."

"ఆవిడేమీ అనలేదా?"

"సారీ చెప్పింది."

రమీరో లిఫ్ట్ దగ్గర భార్యకి ఫోను చేస్తూ స్పానిష్‌లో గలగలా మాట్లాడుతున్నాడు.

"మనం వచ్చి రెండేళ్లవుతోంది," అన్నాడు బాబ్జీ. "ఒక్కడన్నా చెప్పాడా మనకి, అలా అడగొచ్చని?"