మిరపకాయల రోజుల్లో వెనకబడ్డ గడియారం

మా కింది అంతస్తులో ఉండే బోయ్చో అన్న మా ఊరు సెవ్లియెవోలో నలభై ఏళ్లు గడియారాలు బాగుచేశాడు. కొట్టు మూసి ఆరేళ్లయినా, ఎవరింటికి వెళ్లినా ముందు గోడ గడియారం వంక, తర్వాత తన మణికట్టు వంక చూస్తాడు. మనిషిని పలకరించేది ఆ తర్వాతే. అలాంటివాడి ఇంట్లో కంప్యూటర్ టైము తప్పు చూపించడం మొదలుపెట్టింది.

పట్టుకున్నది ఆయన భార్య పెన్కా వదిన. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆమె దూరంగా వర్నా నగరంలో ఉండే అక్క కూతురు వాసిల్కాతో కంప్యూటర్లో పాచికలాట ఆడుతుంది. ఆ సెప్టెంబరులో ఒకరోజు తెర మీద నాలుగు చూసి కూర్చుంటే అవతల ఎవరూ లేరు. కాసేపటికి ఫోను మోగింది.

"ఓడిపోతానని భయమైతే ముందే చెప్పొచ్చుగా పిన్నీ! రెండు గంటలు కూర్చోబెట్టావు."

దానికి తోడు బ్రౌజర్ తెరుచుకోవడానికి కాఫీ కాచుకుని తాగేంత సేపు పట్టేది. "ముసలిదైపోయింది, పారేసి కొత్తది కొందాం" అంది వదిన.

"నలభై ఏళ్లలో ఎవరి గడియారాన్నీ పారేయమనలేదు నేను," అన్నాడు అన్న.

నెట్ నుంచి టైము దానంతటదే సరైపోయేలా పెట్టుకోమని నేను చెప్పాను. ఆ ఏర్పాటు ఆయనే తీసేశాడట. "నా ఇంట్లో గడియారాన్ని ఊరూపేరూ తెలియనివాడు తిప్పడమేంటి రుమ్యానా?" అన్నాడు. పొద్దున్నే తనే సరిచేసి, రాత్రి ఎంత వెనకబడిందో ఒక నోటు పుస్తకంలో రాసుకోసాగాడు.

వారం తర్వాత నన్ను పిలిచి పుస్తకం చూపించాడు. శనివారం రెండు గంటల పది నిమిషాలు. ఆదివారం గంటా నలభై. సోమవారం ఏమీ లేదు. మంగళవారం మూడు గంటలు.

"నెమ్మదిగా నడిచే గడియారమైతే రోజూ ఒకే లెక్కన తగ్గాలి. ఇది నెమ్మదిగా నడవట్లేదమ్మాయ్, ఆగిపోతోంది. ఆగి మళ్లీ నడుస్తోంది. ఎవరు ఆపుతున్నారు?"

వదిన వంటగదిలోంచి తొంగిచూసింది. చేతులకు కాలిన మిరపతొక్కలు అంటుకుని ఉన్నాయి.

"శనివారం, మంగళవారం నేను చలికాలానికి నిలవ పెట్టడానికి మిరపకాయలు కాల్చాను. మన బాల్కనీ దగ్గర ఉన్నది ఒకే ప్లగ్గు కదయ్యా. కంప్యూటర్ ఆపేసి, దాని వైరు పీకి, కాయలు కాల్చే కరెంటు పొయ్యి వైరు పెట్టాను."

"ఎంతసేపు?"

"శనివారం పది కిలోలు. రెండు గంటల పైనే."

అన్న కళ్లు వెలిగిపోయాయి. కరెంటు అందని సేపే అది టైము మరిచిపోతోందన్నమాట. "మరి ఆదివారం? ఆ రోజు మనం ఊరెళ్లాంగా. ఇంట్లో ఎవరూ లేరు, కాయలూ లేవు. గంటా నలభై ఎక్కడిది?"

నా చెవులు వేడెక్కాయి. వాళ్ల తాళంచెవి మొక్కలకు నీళ్లు పోయడానికి నా దగ్గరే ఉంటుంది. మా పొయ్యి కాలిపోయింది. ఆ ఆదివారం వాళ్ల పొయ్యి మీద ఏడు కిలోలు కాల్చుకుని, నేల తుడిచి, కిటికీలు తెరిచి వాసన పోగొట్టి వచ్చాను. ఎవరికీ తెలియదనుకున్నాను.

"నేనే అన్నా," అన్నాను. "అడగాల్సింది. సిగ్గేసింది."

వదిన పగలబడి నవ్వింది. "ఓసి దొంగమొహమా! ఆ వాసన నా ఊహేమోనని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నానే!"

అన్నకు నా తప్పు పట్టనే లేదు. ఆదివారం లెక్క తేలినందుకు ఆనందపడుతూ అప్పటికే కంప్యూటర్ పక్క రేకు విప్పుతున్నాడు. లోపల నాణెమంత గుండ్రటి బ్యాటరీ. కరెంటు లేనప్పుడు టైమును నడిపించాల్సింది అదే. మీటరు పెట్టి చూస్తే కొన ఊపిరితో ఉంది: టైము ఎక్కడ ఆగిందో గుర్తుంచుకోగలదు గానీ నడిపించలేదు. అలాంటివి ఆయన సొరుగులో అరడజను ఉన్నాయి. కొత్తది వేసి, రాత్రంతా వైరు పీకి ఉంచి, పొద్దున చూశాం. సెకన్లతో సహా సరిగ్గా ఉంది.

బ్రౌజర్ సంగతి నేను చూశాను. తెరవగానే నూట నలభై మూడు పేజీలు ఒక్కసారిగా లేవడానికి ప్రయత్నిస్తున్నాయి. ఊరగాయలు, అల్లికలు, వర్నా వాతావరణం పదిహేనుసార్లు.

"మూస్తే పోతాయనుకున్నానే," అంది వదిన.

కావలసినవి ఎలా దాచుకోవాలో చూపించాను. పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదివించుకుంటూ మూయించింది. మధ్యాహ్నం దాకా పట్టింది. నాలుగింటికి పేజీ చిటికెలో తెరుచుకుంది. వదిన రెండాటలు ఓడి ఒకటి గెలిచింది.

అన్న మాత్రం రేకు బిగించనివ్వలేదు. భూతద్దం కన్నుకు తగిలించుకుని లోపలికి వంగి ఏదో వెతుకుతున్నాడు.

"బ్యాటరీ టైము చెప్పదు రుమ్యానా, తిండి పెడుతుందంతే. లెక్కపెట్టేది ఎవరో ఉండాలి... అదిగో!"

బియ్యపు గింజంత వెండి గొట్టం. చేతి గడియారాల్లో ఆయన వేలసార్లు చూసిన స్ఫటికం అలాంటిదే. సెకనుకు ముప్పైరెండు వేల ఏడువందల అరవై ఎనిమిదిసార్లు వణుకుతుందట, ఆ వణుకులు లెక్కపెట్టే కంప్యూటరూ టైము చెబుతుందట. నాకూ చూపిస్తానని భూతద్దం తీసి ఇచ్చాడు.