స్లయిడరా, సెయిలరా

మా బొగ్గుగనుల ఊళ్లో ముప్పై ఏళ్లుగా తెగని తగువు ఒకటుండేది. బ్యాటు దగ్గరికొచ్చి పక్కకు జారిపోయే ఆ బంతిని మొదట వేసింది ఎవరు, దాని పేరేమిటి అని. ఎమ్లిన్ ప్రాసర్ తనదంటాడు, పేరు స్లయిడర్ అంటాడు. వెండెల్ హాక్ తనదంటాడు, పేరు సెయిలర్ అంటాడు. ఇద్దరూ మా గని బేస్‌బాల్ జట్టుకే రోజు విడిచి రోజు బంతులు వేశారు. బ్యాటు వెనక కూర్చుని ఇద్దరి బంతులూ పట్టిన క్యాచర్ని నేను, ఆగీ బెంకోని. నా కుడిచేతి వేళ్లు చూడండి, ఒక్కటీ తిన్నగా లేదు.

ఆ పేర్ల సంగతి అడక్కండి. మంగలి లెరాయ్ లెక్కలో స్లయిడరంటే కర్వు, అదే వంపు తిరిగే బంతి, వెయ్యడం చేతకానివాడు వేసేది. బార్లో వాళ్లకు రెండో గ్లాసు దాకా అది కిందికి దిగే బంతి, మూడో గ్లాసు నుంచి పైకి లేచే బంతి. సెయిలర్ అంటే తేలిపోయేదని కొందరు, అసలు గురి తప్పిందని కొందరు. మా పాస్టరుగారు సైతానును సెయిలర్‌తో పోల్చి ఓ గంట ప్రసంగించారు. బంతో, ఓడ నడిపేవాడో, ఏ సెయిలరో ఆయనకే తెలియదు.

1958లో మైదానానికి కొత్త గేటు కట్టించారు. దాని మీద ఆ బంతి పేరు, వేసినవాడి పేరు చెక్కిస్తారని తెలియగానే ముసలాళ్లిద్దరికీ పూనకం వచ్చింది. కమిటీని నడిపే మిసెస్ లూకెన్స్ విసిగిపోయి తేల్చేసింది. ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ మూడేసి బంతులు వెయ్యాలి, నేను పట్టాలి, ఎవరిది ఎక్కువ జారితే వాడి పేరు గేటెక్కుతుంది.

గురువారం ఎమ్లిన్ వాళ్లావిడ చేసిన యాపిల్ కేకు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఒరేయ్ ఆగీ, ఆ పాత బెల్టు ఉందా?"

"ఉంది."

"ఆదివారం పెట్టుకో. మన మధ్యే ఉండాలి సుమా! ఆ వెండెల్ గాడికి తెలిసిందో, కొంప మునుగుతుంది."

అసలు గుట్టు ఇదీ. బంతి తిరిగి విసిరే ముందు దాన్ని నా బెల్టు బకిల్ మొనకేసి ఓసారి గట్టిగా రాసేవాణ్ణి. తోలు మీద గీత పడేది. ఆ గీతే బంతిని పక్కకు లాగేది. తప్పే, కాని అంపైరు ఎన్నడూ చూడలేదు.

శుక్రవారం వెండెల్ అరడజను బీరు సీసాలతో దిగాడు. వాడిదీ అదే పాట. "బెల్టు మర్చిపోకురా. ఎమ్లిన్ గాడు పసిగట్టాడో, నా పరువు పోతుంది."

"సరేగాని, గేటు మీద నా పేరు కూడా ఓ మూల వేయించరాదూ?" అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు. "నీ పేరా? నువ్వేం చేశావురా? గొంతుక్కూర్చుని పట్టావు, అంతేగా!"

నాకు ఒళ్లు మండిపోయింది. బీరు మాత్రం ఉంచుకున్నాను.

ఆదివారం ఊరంతా మైదానంలోనే ఉంది. ఎమ్లిన్ చెయ్యి తిప్పి తిప్పి మూడు బంతులు వేశాడు. మూడూ గీత గీసినట్టు తిన్నగా వచ్చి నా చేతిలో పడ్డాయి. వెండెల్ కిసుక్కున నవ్వి ముందుకొచ్చాడు. వాడివీ అంతే.

"ఇందులో జారిందేదండీ?" అని అడిగింది మిసెస్ లూకెన్స్.

ఇద్దరూ ఒక్కసారే నా నడుం వైపు చూశారు. నా ప్యాంటును భుజాల పట్టీలు మోస్తున్నాయి. బెల్టు ఇంట్లో సొరుగులో ఉంది. అప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరి గేటు మీద ఏం చెక్కించను?" అందామె.

"టికెట్ ధర చెక్కించండమ్మా," అని వెండెల్ టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఈ క్షణం కోసం రెండు రోజులుగా ఓ నవ్వు దాచుకున్నాను. ఎమ్లిన్ నా దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. మెల్లిగా అడిగాడు.

"వాడికి కూడా గీకేవాడివట్రా?"

తలూపాను.

"నా ఒక్కడికే అనుకున్నాన్రా ఆగీ," అన్నాడు.

ఆ నవ్వు రానేలేదు.