సలాలా చినుకుల్లో నల్ల గొడుగు

నేను ఒక నల్ల గొడుగును. వంకీ తిరిగిన పిడి, కాస్త వెలిసిన గుడ్డ, పట్టుకుంటే మగవాళ్ల చేతికి సరిపోయే బరువు. మామూలుగా మనుషులకు నాలాంటివాళ్లు రెండుసార్లే గుర్తొస్తారు. వాన మొదలైనప్పుడొకసారి, వాన వెలిశాక ఎక్కడో మరిచిపోయి వచ్చామని తెలిసినప్పుడొకసారి. నన్ను మాత్రం ఒకావిడ వానలే లేని దేశానికి మోసుకుపోయి, అక్కడ మంచం కింద ఏళ్ల తరబడి దాచిపెట్టింది.

నన్ను కుట్టింది రాజమండ్రిలో ఒక ఇరుకు గదిలో. మొదట కొన్నవాడు జోజిబాబు. గోదావరి మీద మనుషుల్నీ, సైకిళ్లనీ, అప్పుడప్పుడు పెళ్లికొడుకు కారునీ అవతలి ఒడ్డుకు చేర్చే పంటులో టిక్కెట్లు కోసేవాడు. నన్ను ఎంత అపురూపంగా చూసుకున్నాడంటే, చినుకు పడగానే నేను తడిసిపోతానని చంకలో పెట్టుకుని తను తడిసేవాడు. భర్త పోయి, తమ్ముడి పంచన ఉంటున్న మేనకోడలు సలోమికి ఒక వానాకాలం నన్ను అప్పగించాడు. వాళ్లది కాలవగట్టు మీద ప్లాస్టిక్ పట్టా కప్పిన ఇల్లు. లోకంలో గొడుగుల్ని ఇంటి బయట విప్పుతారు. నన్ను ఇంట్లో విప్పేవారు. ఒకరు అన్నం వండుతుంటే ఇంకొకరు పొయ్యి మీద నన్ను పట్టుకుని నిలబడేవారు. అన్నం పొంగు ఆవిరి, పైనుంచి నీళ్లు. అంత బరువైన ఉద్యోగం నేను మళ్లీ చేయలేదు.

సలోమికి మస్కట్‌లో పని దొరికినప్పుడు నన్నూ పెట్టెకు కట్టింది. అక్కడ వానలుండవట కదా అని తమ్ముడంటే, ఎండైనా ఉంటుంది కదా అంది.

మస్కట్‌లో రువీ అనే పేటలో ఒక గది. అందులో సలోమి, ఓబులమ్మ. ఇద్దరూ మనవాళ్ల పిల్లలు చదివే బడిలో ఆయాలు. ఓబులమ్మది రాయచోటి దగ్గర పల్లె. సలోమి కన్నా నాలుగేళ్లు పెద్ద. మాట పొదుపు. సలోమి నోటికి ఆ గుణం అంటలేదు. మొదటి రోజు ఓబులమ్మ ఊరికే మర్యాదకు మీది ఏ ఊరని అడిగింది. ఇక అంతే. కోనసీమ అంటే ఎలా ఉంటుందో, ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు ఎలా ఉంటాయో సలోమి మొదలుపెట్టింది. మొదట్లో నాలుగే చెట్లుండేవి. రంజాన్ నాటికి నలభై అయ్యాయి. మరుసటి ఏడాదికి అది మూడెకరాల తోట. ఎడారిలో ఏసీ గాలికి అంత ఏపుగా పెరిగిన తోటను నేనెక్కడా చూడలేదు. మంచం కింద పడుకుని వింటూ, ఈ తోట మేమెప్పుడు కొన్నామా అనుకునేదాన్ని.

ఓబులమ్మ చీరలు మడతపెడుతూనో, ఉల్లిపాయలు తరుగుతూనో వినేది. ఎదురు ప్రశ్న వేసేది కాదు.

ఒక ఏడు ఈద్ సెలవులు మండు వేసవిలో వచ్చాయి. దేశమంతా కాలిపోతుంటే దక్షిణాన సలాలాలో మాత్రం ఆ నెలల్లో చినుకులు పడతాయని, కొండలు పచ్చబడతాయని ఓబులమ్మ ఎవరి దగ్గరో విన్నది. రువీలో ఒక మలయాళీ అతను బస్సు వేస్తున్నాడని తెలుసుకుని రెండు సీట్లు చెప్పి వచ్చేసింది. ఇన్నేళ్లలో ఆమె తన కోసం ఏదైనా కోరుకోవడం నేను చూడలేదు.

"ఒక్కతూరి వానలో తల తడుపుకోవాల మే," అంది.

"డబ్బులిచ్చి వాన చూడ్డానికెల్తామా అక్కా? మా ఊళ్లో వద్దన్నా ఇంట్లోకొచ్చేస్తది," అంది సలోమి. నిజం జారిపోయిందని మంచం కింద నేను కంగారుపడ్డాను. అలవాటుగా అన్న మాట అనుకుంది కాబోలు, ఓబులమ్మ పెట్టె సర్దుకోసాగింది.

వాన ఉన్న చోటికి వెళ్తున్నాం కాబట్టి సలోమి నన్ను బయటికి లాగింది. దుమ్ము దులిపి, ఊచలకు కొబ్బరినూనె రాసింది. పెళ్లికి వెళ్తున్నంత సంబరపడ్డాను.

రాత్రి బయల్దేరిన బస్సు మర్నాడు మధ్యాహ్నం దాకా ఇసుకలోనే నడిచింది. నన్ను పైన సామాన్ల అరలో పెట్టారు. డ్రైవరు శశి బ్రేకు వేసినప్పుడల్లా ముందు సీటులోని బట్టతలాయన మీద పడ్డాను. రెండుసార్లు ఆయన నవ్వి తిరిగిచ్చాడు. మూడోసారి తిరిగివ్వకుండా నన్ను కింద పెట్టుకుని, సలాలా వచ్చేదాకా పాదాలు నా మీద ఆన్చి పడుకున్నాడు.

కొండల్లోకి వచ్చేసరికి కిటికీ అద్దాలు మసకబారాయి. అటు చూస్తే పొగమంచు, ఇటు చూస్తే గడ్డి. ఆ గడ్డిలో ఒంటెలు ఆవుల్లాగా మేస్తున్నాయి. బస్సులో అందరూ చప్పట్లు కొట్టారు. ఓబులమ్మ కిటికీ తీసి మొహం బయటపెట్టి కళ్లు మూసుకుంది. సలోమి చెయ్యి చాపి అరచేతిలో పడ్డ చినుకుల్ని పరీక్షగా చూసింది. దీన్ని మా ఊళ్లో వాన అనరని, మంచు అంటారని చెప్పింది.

కొండ మీద బస్సు ఆగింది. చుట్టుపక్కల దేశాల నుంచి వచ్చిన కుటుంబాలు చాపలు పరుచుకుని, టీ ఫ్లాస్కులు పెట్టుకుని, చినుకుల్లో హాయిగా కూర్చున్నాయి. తడవడానికే వచ్చిన జనం. అంత కొండ మీద విప్పిన గొడుగును నేనొక్కదాన్నే. ఓబులమ్మ నెమ్మదిగా నా కిందినుంచి తప్పుకుని, తెలియనిదానిలా అవతలికి నడిచింది. ఇంతలో ఒక పెద్ద కుటుంబం వచ్చి, ఫోటో దిగి తిరిగిస్తామని, నన్ను ఇమ్మని సలోమిని మర్యాదగా అడిగింది. వాళ్ల తర్వాత ఇంకొకరు. వాళ్ల వెనక కొత్తగా పెళ్లైన జంట. కాసేపటికి వరస కట్టారు. ఎవరైనా నన్ను ఎత్తుకుపోతారేమోనని సలోమి పక్కనే కాపలా నిలబడింది. ఈలోగా బస్సు బయల్దేరే వేళైంది. కింద లోయలో జలపాతం ఉందని, అది చూడాలని ఓబులమ్మ మస్కట్‌లోనే అనుకుంది. సలోమి కోసం కాచుకుని చూడనేలేదు. బస్సెక్కి కూర్చుని ఆమె సలోమి వైపు తిరగలేదు.

సాయంత్రం ఊళ్లో కొబ్బరిబొండాల దుకాణాల దగ్గర ఆగాం. రోడ్డు పొడుగునా కొబ్బరాకుల పందిళ్లు, వేలాడే అరటిగెలలు. బంగ్లాదేశ్ అతనొకడు బొండాం కొట్టి ఇచ్చాడు. ఓబులమ్మ గటగటా తాగి రెండోది అడిగింది. సలోమి ఒక్క గుక్క తాగి పక్కన పెట్టింది. మా తోటలో బొండాం తాగితే ఇక దీన్ని ముట్టుకోరక్కా అంది.

ఓబులమ్మ మూతి తుడుచుకుంది.

"నీ తోటకు నన్నెప్పుడు పిల్చినావ్?"

సలోమి పక్కన పెట్టిన బొండాం మళ్లీ ఎత్తి తాగసాగింది.

"రెండు తూర్లు సెలవకు ఒకే విమానంలో పోతిమి. దిగినాంక నీ పెట్టె నువ్వు తీసుకోని పారిపోతివి. ఒక్కతూరన్నా రాక్కా అంటివా? నీ తోట గొప్పది. నేను దాంట్లోకి రాదగిన మనిషిని కాదు. అంతే గదా?" గొంతు పెంచకుండానే అంది ఓబులమ్మ. తిరిగి వెళ్లాక తను వేరే గది చూసుకుంటానని, ఎవరితో ఉండాలో ఇప్పటికే మాట్లాడుకున్నానని చెప్పింది.

ఆ మాటతో సలోమి పిడికిలి నా పిడి మీద బిగుసుకుంది. నిజం చెబితే ఒక్క నిమిషంలో తీరిపోయే గొడవ. కానీ మనుషులు మూడెకరాలు పెంచిన దాన్ని ఒక్క నిమిషంలో కొట్టేయలేరు.

మర్నాడు ముగ్‌సైల్ అనే సముద్రతీరానికి తీసుకెళ్లారు. అక్కడ రాతినేలలో గోతులున్నాయి. కింద సొరంగాల్లోకి అల వచ్చి కొట్టగానే నీళ్లు ఆ గోతుల్లోంచి తాటిచెట్టంత ఎత్తు చిమ్ముతాయి. వాటి మీద ఇనప చట్రాలు బిగించారు. దగ్గరికి వెళ్లొద్దని శశి హిందీలో చెప్పాడు. సలోమి ఆ మాట విన్నట్టు లేదు. ఓబులమ్మకు దూరంగా, దిగులుగా నడుస్తూ వెళ్లి, నీళ్లు మీద పడతాయని నన్ను విప్పుకుని సరిగ్గా చట్రం అంచున నిలబడింది.

అప్పుడు కింద అల కొట్టింది. నీళ్లకన్నా ముందు గాలి వచ్చింది. నా గుడ్డ తిరగబడింది, ఊచలు పటపటమన్నాయి, సలోమి చేతిలోంచి ఊడి గాల్లోకి లేచాను. అంత ఎత్తు నుంచి లోకాన్ని చూసిన గొడుగును నేనే అయ్యుంటాను. దిగింది మాత్రం కమ్ముల కంచెకు అవతల, సముద్రం వైపు బండ మీద.

సలోమి ఆలోచించలేదు. కంచె కింద నుంచి దూరి నా కోసం చెయ్యి చాపింది. బండ నాచుపట్టి ఉంది. కాలు జారింది. సగం శరీరం కిందికి వేలాడింది. ఎదురుగా ఇంకో అల లేస్తోంది. నేను చూస్తుండటం తప్ప ఏమీ చేయలేకపోయాను.

ఓబులమ్మ ఎప్పుడు పరుగెత్తుకొచ్చిందో తెలియదు. చేతికి మొదట దొరికింది సలోమి జడ. దాన్నే పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్టు లాగింది. ఇద్దరూ కంచెకు ఇవతల వెల్లకిలా పడ్డారు. అల వచ్చి ఇద్దరినీ నిలువునా తడిపింది. వస్తూ వస్తూ నన్ను కూడా వాళ్ల పక్కకు విసిరింది. సముద్రానికి కూడా నేను అక్కర్లేకపోయాను.

"పాత గొడుక్కోసం చస్తావా మే?" అంది ఓబులమ్మ. చేతిలో ఇంకా జడ ఉంది.

సలోమి పడుకునే ఉంది. ఆకాశం వైపు చూస్తూ చెప్పింది. "తోట లేదక్కా. ఒక్క చెట్టు కూడా లేదు. కాలవగట్టు మీద పట్టా కప్పిన ఇల్లు. వానొస్తే ఈ గొడుగు కిందే అన్నం వండుకునేవోళ్లం. మిమ్మల్ని పిల్చి ఎక్కడ కూచోబెట్టనండీ?"

"తోట లేదని నాకు తెల్దా? తోటలుండేవాళ్లు ఎవురన్నా ఈడికొచ్చి బడిలో బాత్రూములు కడుగుతారా?"

సలోమి లేచి కూర్చుంది. మరి ఇన్నేళ్లూ ఎందుకు విన్నారని అడిగింది.

ఓబులమ్మ కొంగు పిండుకుంది. "మా ఊర్లో ఏముండాది, రాళ్లు. నువ్వు చెప్తాంటే కండ్లు మూసుకోని ఆ తోటలో తిరుగుతాంటి. చల్లగుండేది." తర్వాత అంది, "తోట లేకపోతే పాయె. నన్ను పిలవకపోతివే, అదీ నా బాధ."

"ఆయ్, రండక్కా," అంది సలోమి. ఏడుస్తూ అన్నదో నవ్వుతూ అన్నదో, ఆ ఉప్పునీళ్లలో నాకు తెలియలేదు.

సలోమి నన్ను ముడవాలని చూసింది. ఊచలు విరిగి మూసుకోలేకపోయాను. చివరికి నన్ను చెత్తడబ్బాలో నిలబెట్టి, పిడిని ఒకసారి తడిమి వెళ్లిపోయింది. ఇద్దరూ ఆ చట్రానికి ఈసారి తగినంత దూరంలో, చేతులు పట్టుకుని నిలబడి, నీళ్లు మీద పడే దాకా కదల్లేదు.

ఆ తీరం ఊడ్చే మనిషి నన్ను తీసి, ఊళ్లో బొండాలమ్మే తన ఊరివాడికి, ఆ బంగ్లాదేశ్ అతనికే ఇచ్చాడు. అతను నన్ను తలకిందులుగా పందిరికి వేలాడదీసి, నాలో అరటిపళ్లు పెట్టాడు. ఆ దేశం మొత్తంలో వాన పడే ఒకే ఒక్క ఊళ్లో నేను పళ్లబుట్టనయ్యాను.

మరుసటి ఏడు చినుకుల కాలంలో ఆ ఇద్దరూ మళ్లీ వచ్చారు. చెరొక బొండాం తాగారు. పళ్లు తీసుకుంటూ సలోమి నా వైపు చూసి, ఎవరో మంచి గొడుగును పాడుచేశారక్కా అని జాలిపడింది. ఓబులమ్మ ఫోన్ తీసి దుకాణం అతనికి ఫోటో చూపించింది. కాలవగట్టు, నీలం పట్టా, గుమ్మం ముందు వాళ్లిద్దరూ. ఇది మా చెల్లెలి ఇల్లని, తను వారం రోజులున్నానని, వాన ఇంట్లోకే వచ్చిందని వచ్చీరాని హిందీలో గర్వంగా చెప్పింది. అతను ఫోటో చూసి నవ్వాడు. మా ఇల్లూ అంతే, మా దేశంలో అన్నీ నదులే, మా కప్పు ఇంకా ఎక్కువ కారుతుంది అన్నాడు.

సలోమి బొండాం పక్కన పెట్టింది.

"మా ఇల్లు కారినట్టు లోకంలో ఏ ఇల్లూ కారదండి," అని మొదలుపెట్టింది.

ఓబులమ్మ నాలోంచి ఒక అరటిపండు తీసి, ఒలుచుకుంటూ, వినడానికి తీరిగ్గా కూర్చుంది.