పెళ్ళికి ముందు పరీక్ష రీలు

మా ఆయన దేనికైనా సర్దుకుపోతారు, ఫిల్ము దగ్గర మాత్రం ససేమిరా. ఎవరి పెళ్ళి ఫొటోలైనా ఒప్పుకున్నారంటే రీళ్ళన్నీ ఒకే బ్యాచివి కొనాలి, ఫ్రిజ్‌లో దాచాలి, అందులో ఒకటి తీసి పెళ్ళికూతుర్ని స్టూడియోలో కూర్చోబెట్టి ముందే పరీక్ష చెయ్యాలి. ఒంటి రంగు ఒంటి రంగులా వస్తేనే మిగతావి బయటికొస్తాయి. లేదంటే అన్నీ తిరిగి షాపుకే. పాలకీ కూరలకీ చోటులేని ఫ్రిజ్ మాది. చుట్టాలెవరైనా తలుపు తీస్తే, వీళ్ళు ఏం తిని బతుకుతున్నారో అని జాలిపడతారు.

ఈమధ్య ఆయనకి ఏ రీలూ నచ్చడం లేదు. రంగులు దంచికొట్టే ఫిల్ము తెస్తే, చెంపలు ఎవరో వాయించినట్టున్నాయన్నారు. అది నిజమే, ఆ ఫిల్ము పూలతోటలకి బాగుంటుందిగానీ మొహాలకి పనికిరాదు. మెత్తటి రంగులిచ్చేది తెస్తే, అంతా పసుపు కొడుతోందన్నారు. బ్యాచి మార్చారు, కంపెనీ మార్చారు. ఏది చూసినా పసుపే. "సరుకంతా దొంగసరుకే" అని విసుక్కుంటూ, వెనక గదిలో ప్రింట్లు వేసేటప్పుడు ఆ పసుపు తగ్గిస్తూ పోయారు. ఫిల్ములమ్మే షాపతను ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "సార్‌ని కొన్నాళ్ళు ఎటైనా ఊరు తీసుకెళ్ళండమ్మా, మీకు పుణ్యముంటుంది" అన్నాడు.

నేను ఫొటోల్లో మచ్చలు దిద్దే రిటచింగ్ చేస్తాను, కౌంటర్లో కూర్చుంటాను. ఫొటోలు తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళ మొహాలు చూసేది నేనే. కవరు తెరిచి, కాస్త ఆగి, మాట్లాడకుండా మూసేస్తున్నారు. పసుపు తగ్గించేసరికి ఫొటోల్లో మనుషులంతా నీలం తిరిగి, చలికి వణుకుతున్నట్టున్నారు మరి. ఆయనకి చెప్పబోతే, "రిటచింగ్ చూసుకోవే, రంగుల జోలికి రాకు" అన్నారు. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. మీ రంగులు మీరే ఏలుకోండి అనుకున్నాను.

ఇంతలో మా ఆడపడుచు కూతురికి పెళ్ళి కుదిరింది. తండ్రి లేని పిల్ల, ఆయన చేతుల్లో పెరిగింది. "దీని పెళ్ళి ఫొటోలు నేను తప్ప ఇంకెవడూ తియ్యడానికి వీల్లేదు" అని అది బడికెళ్ళే రోజులనుంచీ అంటున్నారు.

పరీక్ష ఫొటోకని పిల్ల క్రీము రంగు పెళ్ళి బట్టల్లో వచ్చి స్టూలు మీద కూర్చుంది. చామనఛాయ పిల్ల, నవ్వితే ఎంత బాగుంటుందో. ఆయన పరీక్ష రీలు తీసి, మర్నాడు ప్రింట్లు చేతిలో పెట్టారు. "బాగున్నాయి మామయ్యా" అంది. ఆయన అటు వెళ్ళగానే వంటింట్లోకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, నీళ్ళలో మునిగి తేలినదాన్లా ఉన్నాను. వేరే ఎవరినైనా పిలుద్దామా? కానీ మామయ్యకి ఎవరు చెప్తారు? నావల్ల కాదు." కళ్ళనిండా నీళ్ళు.

ఆ పెళ్ళికి కెమెరా లేకుండా వెళ్ళాల్సొస్తే ఆయన ఇంక కోలుకోరు. అలాగని పిల్లకి జీవితాంతం ఆ నీలం మొహం మిగల్చనూలేను.

మర్నాడు స్టూడియో గోడకి కొత్త తెర కడుతున్నాను. అప్పుడే పొట్లం విప్పిన తెల్లటి గుడ్డ. ఆయన లోపలికొస్తూనే, "ఆ తెర ఉతికి ఎన్నాళ్ళయిందే? పసుపెక్కిపోయింది" అన్నారు.

మామూలుగా అయితే రెండు మాటలు అంటించేదాన్ని. ఆరోజు అంచుకి ఇంకా అంటుకునున్న షాపు చీటీ పీకి ఆయన చేతిలో పెట్టాను.

"ఇది కొత్తదండీ. తెల్లగా ఉంది. ఫిల్ములు కూడా బాగానే ఉన్నాయండీ."

ఆయన చీటీ చూశారు, గుడ్డ చూశారు, తన అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. స్టూలు మీద కూలబడి, "ఎన్నాళ్ళనుంచే?" అన్నారు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

కళ్ళ డాక్టరు శుక్లాలన్నాడు. ఆపరేషన్ చేస్తే పోతాయిగానీ పెళ్ళిలోపు వీలుపడదన్నాడు. చూపు పనికి చాలుతుంది, రంగే మారిపోయి అన్నీ పసుపుగా కనబడుతున్నాయి. ఇంటికి రాగానే ఆయన కెమెరా పెట్టెలో పెట్టేశారు.

"వేరేవాణ్ణి పిలిపించు. పిల్ల పెళ్ళి నా చేత్తో పాడుచెయ్యను."

నాకు నిజంగానే కోపమొచ్చింది. "పిల్ల ఎప్పుడు నవ్వుతుందో, ఎప్పుడు తల్లివైపు చూస్తుందో ఆ వచ్చేవాడికి తెలుసా? తియ్యడం మీరు తియ్యండి. రంగు నేను చెప్తాను."

"నీకేం తెలుసే రంగు?"

"మన పిల్ల ఎలా ఉంటుందో తెలుసు. చాలదా?"

ఆయన లేచి ఫ్రిజ్ తెరిచారు. మెత్తటి రంగుల ఫిల్మే, హాలు దీపాలకి చాలినంత స్పీడున్నది, మొత్తం సంచిలో వేసుకున్నారు. క్రీము బట్టల మడతలూ పెళ్ళికొడుకు నల్లకోటు మడతలూ రెండూ విడివిడిగా కనబడేది దీంట్లోనే అని గొణుక్కున్నారు.

పెళ్ళిలో ఆయన కెమెరాతో రాగానే పిల్ల కంగారుగా నావైపు చూసింది. నేనున్నానన్నట్టు తలూపాను.

ఆ వారమే వెనక గదిలో ప్రింట్లు మొదలుపెట్టాం. మొదటిది ఇంకా నీలంగానే ఉందన్నాను. రెండోదాంట్లో పసుపు ఎక్కువైంది. మూడోది చూడగానే "ఇదే" అని అరిచాను. తల్లి భుజం మీద తలవాల్చి నవ్వుతోంది పిల్ల.

ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూశారు.

"నాకు పసుపులో ముంచినట్టుందే."

"ఉండనివ్వండి. పిల్ల ఇలాగే ఉంది."

ఒకప్పుడైతే పొద్దుగూకేదాకా వాదించేవారు. ఇప్పుడు తరవాతి ఫొటోకి కాగితం తీశారు. తన కంటికి ఒక్కటీ సరిగ్గా కనబడకపోయినా ఆల్బమ్ మొత్తం అలాగే వేసుకుంటూ పోయారు. ప్రతి ప్రింటూ నా ముందు పెట్టి, "చూడవే, మన పిల్లేనా?" అని అడిగారు.

"మన పిల్లేనండీ" అన్నాను. అడిగిన ప్రతిసారీ చెప్పాను.