ఎడమ అంచుకి నెట్టిన ఉత్తరం

"అమ్మాయ్, నా బాణం మళ్ళీ పారిపోయింది."

పక్క గదిలోంచి మా అత్తగారు ఈ మాట రోజుకి పదిసార్లయినా అనేవారు. బాణమంటే మౌస్ కదిపితే తెర మీద తిరిగే గుర్తు. అది పారిపోదు, ఆవిడకి కనపడని వైపుకి వెళ్తుంది. రెండు నెలల కిందట తలలో చిన్న రక్తనాళం ఒకటి పూడుకుపోయి, ఆవిడ రెండు కళ్ళకీ ఎడమ సగం చూపు పోయింది. నడక బాగుంది, మాట బాగుంది, నన్ను దెప్పడం మరీ బాగుంది. కంచంలో ఎడమ వైపున్న కూర మాత్రం అలాగే మిగిలిపోతుంది. "ఈ పూట కూర లేదేం?" అంటారు. నేను కంచం తిప్పుతాను. "ఇప్పుడా వెయ్యడం?" అంటారు.

నాకు ఓపిక తక్కువ. ఇంట్లో కూర్చుని ఎక్కడో ఉన్న కంప్యూటర్లకి కాపలా కాయడం నా ఉద్యోగం. వాటితో నా సంభాషణంతా టైపు చేసే నడుస్తుంది, మౌస్‌తో నాకు పెద్దగా పనిలేదు. కంప్యూటర్లతో ఉన్న నిదానం మనుషులతో ఉండదు. అయినా అత్తగారంటే నాకు ప్రాణం. పెళ్ళైన కొత్తలో నా మొదటి ఉద్యోగం ఊడినప్పుడు, ఇప్పుడేం చేస్తావని నన్ను అడగని మనిషి ఈ ఇంట్లో ఆవిడొక్కరే.

అత్తగారు ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒకే ప్రెస్సుకి ప్రూఫులు దిద్దుతున్నారు. ఇప్పుడు చేతిలో ఉన్నది బస్సుల టైమ్ టేబుల్ పుస్తకం. డిపో వాళ్ళు పంపిన అసలు కాపీ తెర మీద ఒక పక్క, ప్రెస్సులో కంపోజ్ చేసిన ప్రూఫు ఇంకో పక్క పెట్టుకుని అంకె అంకె సరిచూడాలి. పుస్తకాన్ని పదహారేసి పేజీల ఫారాలుగా విడగొట్టి పంపుతారు. జబ్బు చేశాక దిద్ది పంపిన మొదటి ఫారంలో ఏడు తప్పులు మిగిలిపోయాయి. ఏడూ ఎడమ అంచువే. మేనేజరు మంచివాడు, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి మేడమ్ అన్నాడు. అత్తగారు ఇంకొక్క ఫారం ఇమ్మన్నారు. పదహారు పేజీలు, శుక్రవారానికి. మళ్ళీ ఎడమ అంచున తప్పులు దొరికితే తనే మానేస్తానని మాటిచ్చారు.

ఫోను పెట్టేశాక ఆవిడ ఆ ఏడు తప్పుల ఫారమే మళ్ళీ తెరిచి కూర్చోవడం చూశాను. చూడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రమే మౌస్ పీకేశాను.

"అది లాక్కుంటే నేను పనెలా చేసేదే?" అన్నారు అత్తగారు.

"మీరు కీబోర్డు వంక చూడకుండా టైపు చేస్తారా, లేదా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ."

"అయితే విండోల్ని పట్టుకు లాగకండి. ఎక్కడికెళ్ళాలో టైపు చేసి చెప్పండి, అవే వెళ్తాయి."

తెర కింద కుడి మూల చిన్న నల్లటి విండో పెట్టాను. అందులో ఒక మాట కొట్టి ఎంటర్ నొక్కితే అసలు కాపీ కుడి సగంలో పైన, ప్రూఫు దాని కింద సర్దుకుంటాయి. వాటికి ఎడమ పక్క నిలువునా సన్నటి ఎర్ర విండో ఒకటి. ఆ ఎర్ర గీత కంటపడేదాకా చూపు వెనక్కి తెచ్చుకుంటే పంక్తి మొదలు దొరికినట్టే. గీతకి అవతల అంతా ఖాళీ, అటు చూడాల్సిన పనే లేదు. నేను కమాండ్లకి "రా", "జరుగు", "దాగు" అని పేర్లు పెట్టాను. అత్తగారు మొహం చిట్లించారు.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళని రా, పో అంటానా నేను?"

"అవి విండోలు అత్తయ్యా."

"అయితే మాత్రం? పని చేయించుకునేటప్పుడు మర్యాదగా అడగాలి."

దాంతో కమాండ్లు "రండి", "జరగండి", "దాగండి" అయ్యాయి. ఏయే విండోలు తెరిచి ఉన్నాయో, ఏది ఎడమ అంచు నుంచి ఎంత దూరంలో ఉందో అంకెలతో జాబితా ఇచ్చే కమాండ్ ఇంకోటుంది. దానికి ఆవిడే "హాజరు" అని పేరు పెట్టారు. మొదటిసారి "రండి" అని కొట్టగానే ప్రూఫు వచ్చి ఎర్ర గీత పక్కన కూర్చుంది. అత్తగారు ఒక్కో పంక్తీ మొదటినుంచి చదివి, "మొత్తం కనపడుతోందే" అన్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. నాకు ఆగడం రాదు.

నా గదిలోంచి ఆవిడ కంప్యూటర్లోకి వెళ్ళే దారి ఒకటి పెట్టుకున్నాను. ఆవిడకి చెప్పలేదు. ఎక్కడైనా తడబడితే ఇక్కణ్ణుంచే కమాండ్ కొట్టి విండో సర్దేసేదాన్ని. తన కమాండే పనిచేసిందని ఆవిడ మురిసిపోయేవారు. ఆవిడ మురిసిపోతుంటే నేను మురిసిపోయేదాన్ని.

బుధవారం మధ్యాహ్నం నా గదిలోంచి హాజరు తీశాను. ఉండాల్సినవి నాలుగు: కాపీ, ప్రూఫు, ఎర్ర గీత, నల్ల విండో. అయిదోది కనిపించింది. దాని పేరు "రాజీనామా".

ఇంకా ఏడు పేజీలుండగానే చేతులెత్తేస్తున్నారా అనుకున్నాను. వెళ్ళి అడగాలి కదా, అడగలేదు. ఆ ఉత్తరాన్ని ఒక్క కమాండ్‌తో ఎర్ర గీతకి అవతల, ఎడమ అంచుకి నెట్టేశాను. కాసేపటికి మళ్ళీ కుడి వైపుకి వచ్చింది. మళ్ళీ నెట్టాను. గురువారం పొద్దున్న మూడోసారి. కనపడకపోతే మర్చిపోతారని నా తెలివి.

గురువారం భోజనాలయ్యాక అత్తగారు నా గది గుమ్మంలో నిలబడ్డారు.

"హాజరు తీశాను. నా రాజీనామా సున్నా దగ్గర ఉందిట. ఆ వైపు నేనేదీ పెట్టను. నువ్వేనా?"

"నేనే. మీరు మానేస్తారేమోనని భయమేసి..."

"ఇన్నేళ్ళ నుంచీ మానేస్తూనే ఉన్నాను కదే." కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మొదటి పుస్తకం చేతికొచ్చినప్పుడు నా వల్ల కాదని ఏడుపొచ్చింది. రాజీనామా రాసి పక్కన పెట్టుకున్నాను. పోవడానికి దారుందిలే అనుకుంటే చెయ్యి కుదురుగా ఆడింది. పుస్తకం అయ్యాక తేదీ కొట్టేశాను. అప్పట్నుంచీ ఏ పెద్ద పని మొదలెట్టినా అదే ఉత్తరం, తేదీ మార్చి ఎదురుగా పెట్టుకుంటా. ఎప్పుడూ సంతకం పెట్టలేదు."

నేను కీబోర్డు పక్కకి నెట్టేశాను.

"మూడుసార్లు తెరిచాను, మూడుసార్లూ మాయమైంది. అసలు తెరిచానో లేదో నాకే తెలీలేదు. చూపంటే సరే, బుర్ర కూడా పోతోందనుకున్నా. పొద్దున్న నిజంగానే సంతకం పెట్టేద్దామనుకున్నానమ్మా."

ఆవిడ మానేస్తారని భయపడి, మానేసేలా చేసింది నేనే. ఆవిడకి కనపడని వైపు చూసి మరీ దాచాను. ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చేశాను. అత్తగారు నా జుట్టు సవరించారు.

"ఇక చాలు. నాకింకా మూడు పేజీలున్నాయి" అన్నారు చివరికి.

"ఆ దారి ఇప్పుడే తీసేస్తాను."

"తీసెయ్యమన్నానా? నా గదిలోకి వచ్చేముందు తలుపు తడతావు కదా. దీనికీ అంతే."

అప్పుడే కూర్చుని తలుపు పెట్టాను. నేను లోపలికి వెళ్ళాలనుకుంటే ముందు ఆవిడ కంప్యూటర్లో చిన్న గంట మోగుతుంది. ఆవిడ "రండి" అని కొడితేనే నాకు దారి తెరుచుకుంటుంది. పెళ్ళైన పదిహేనేళ్ళకి మా అత్తగారు నన్ను రండి అనడం అదే మొదలు.

శుక్రవారం ఫారం వెళ్ళింది. సోమవారం మేనేజరు ఫోను చేశాడు. అత్తగారు ఊ కొడుతూ విని, ఉన్నట్టుండి పకపకా నవ్వారు. నేను నా గదిలోంచి పరిగెత్తుకొచ్చాను.

"ఒక తప్పుందిట" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. "పేజీ నంబరు. కుడి మూలదిట."

"దానికి నవ్వెందుకు?"

"కుడి వైపుదే. కంటి తప్పు కాదు, ఎప్పటిలా నా తప్పే. మిగతా తొమ్మిది ఫారాలూ నాకే పంపిస్తున్నాడు."

మర్నాడు కొత్త ఫారం వచ్చింది. పక్క గదిలో కీబోర్డు టకటకలాడుతోంది. గంట మోగించాను. "రండి" అని వచ్చింది. హాజరు తీస్తే రాజీనామా ఉంది, కొత్త తేదీతో. "ఉత్తరం ఎక్కడ పెట్టమంటారు?" అని టైపు చేసి పంపాను.

జవాబు వచ్చింది. "కుడి వైపు, నాకు కనపడేలా. ఎడమ వైపు ఖాళీగా ఉంది, నువ్వు వచ్చి కూర్చో."

కుర్చీ తీసుకెళ్ళి ఆవిడకి ఎడమ పక్కన వేసుకుని కూర్చున్నాను. అత్తగారు తల తిప్పి చూడలేదు. ఎర్ర గీత దగ్గర మొదలుపెట్టి మొదటి బస్సు టైము పైకి చదివారు.