పళ్ళేనికో మేకు

“ఈసారి వనభోజనాలల్ల ఒక్క కాగితం పళ్ళెం కూడ కండ్లవడొద్దు. అన్నీ స్టీలే!” అని ఉపేందర్ ఫోన్లో కాలనీవాళ్ళకు చెబుతున్నాడు. అడుగంటిన పాలగిన్నె తోముతున్న భార్య సంతోషి చెయ్యి అక్కడికక్కడే ఆగిపోయింది. స్టీలు పళ్ళెం తనంతట తాను కడుక్కోదు కదా! కడిగేదెవరని అవతలివాళ్ళు అడగలేదు, ఈయన చెప్పలేదు. అందరికీ ముందే తెలిసిన సంగతిలాగా ఫోన్ పెట్టేశారు.

ఉపేందర్ గోదావరిఖనిలో ఓ భూగర్భ గనిలో ఫిట్టరు. డ్యూటీ దిగితే కాలనీ సంఘానికి అధ్యక్షుడు. రెండేళ్ళ కింద పర్యావరణం మీద ఎవరిదో ఉపన్యాసం విని వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకు పూనకం పట్టుకుంది. మంచి పూనకమే, కాదనడానికి లేదు. పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకునేంత బొగ్గు దుమ్ము పడే ఊరిలో మొక్కలు నాటమనే మనిషిని ఎవరు తప్పు పడతారు? సంతోషికీ మొక్కలంటే ప్రాణమే. కాకపోతే ఆయన ‘బంద్’ అన్న ప్రతిదీ ఆమె చేతికొచ్చి పడేది. కవర్లు బంద్ అంటే పాత చీరలు కత్తిరించి సంచులు కుట్టింది ఆమె. చెత్త బయట పారేసుడు బంద్ అంటే పెరట్లో డ్రమ్ము పెట్టి, తొక్కలూ తొడిమలూ కలియబెట్టి, ముక్కు మూసుకుని ఎరువు చేసింది ఆమె. ప్లాస్టిక్ సీసా బంద్ అంటే ఆయన డ్యూటీకి పట్టుకుపోయే రాగి సీసాను చింతపండు పెట్టి తళతళలాడేలా రుద్దిందీ ఆమే. ఆయన మాత్రం ఏ వేదిక ఎక్కినా గొంతు సవరించుకుని, “మార్పు ఇంటి నుంచే మొదలు కావాలె!” అనేవాడు. చప్పట్లు మోగేవి. ఆ ‘ఇల్లు’ రెండో వరుసలో కూర్చుని తనూ చప్పట్లు కొట్టేది. నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది.

నిరుడు కార్తీకంలోనూ గోదావరి ఒడ్డునే వనభోజనాలు పెట్టారు. సంతోషి పొద్దున వంట దగ్గర, మధ్యాహ్నం వడ్డన దగ్గర, ఆ తర్వాత చెట్ల కింద గంగాళాలు తోముతూ గడిపింది. చల్లారిన పులిహోర చివర్లో నిలబడే తిన్నది. ఆ పూటంతా నది ఆమె వీపు వెనకే పారింది. “గోదారి ఎట్లున్నదే, నిండుగున్నదా?” అని ఇంటికొచ్చాక అత్త లస్మవ్వ అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. “బోళ్ళ పక్కన ఉన్నదత్తా,” అంది. లస్మవ్వ పకపకా నవ్వి, గోడ మీది ఫోటో వైపు చూసింది. అది మామ కొమురెల్లి రిటైరైన నాటి ఫోటో. మెళ్ళో లావుపాటి దండ, భుజాన శాలువా, చుట్టూ తోటి కార్మికులు. ఇప్పుడాయన లేడు, ఫోటో ఉంది. అందులో లస్మవ్వ లేదు. “నేనెందుకుంట? గంతమందికి చాయ్ ఎవలు పెట్టాలె?” అంటుంది ఎవరడిగినా.

అందుకే ఈసారి సంతోషి ఒక్కటే కోరుకుంది. అందరితో కూర్చుని వేడి వేడి అన్నం తినాలి, తిన్నాక గోదావరిలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి. కోరిక ఇంత చిన్నదై ఉండీ, దాన్ని మొగుడికి చెప్పడానికి రెండ్రోజులు ధైర్యం కూడగట్టుకోవలసి వచ్చినందుకు తనమీద తనకే కోపమొచ్చింది. చివరికి, “ఎవల పళ్ళెం వాళ్ళు కడుక్కోవాలని చెప్పరాదయ్యా,” అంది. ఉపేందర్ వింతగా చూశాడు. “మొగోళ్ళకు గట్ల చెప్తె బాగుంటదా? నలుగురు ఆడోళ్ళు కూసుంటే గంటల అయిపోతది. ముచ్చట పెట్టుకుంట కడుగుతరు, మీకూ టైంపాస్ ఐతది.” టైంపాస్! వాదించబుద్ధి కాలేదు. ఆ మాటను మాత్రం మనసులో దాచిపెట్టుకుంది.

ఉపాయం పక్కింట్లో దొరికింది. పక్కింటి కెరోలిన్ బడిలో టీచరు. ఆమె మామ మత్తయి సర్వీసంతా గనిలోకి దిగేవాళ్ళకు తలలైట్లిచ్చే ల్యాంప్ రూంలోనే చేసి రిటైరైన మనిషి. సంతోషి తన గోడు కెరోలిన్‌తో వెళ్ళబోసుకుంటుంటే, అరుగు మీద చాయ్ తాగుతున్న ముసలాయన అడిగాడు.

“బిడ్డా, లోపలికి దిగేటోడు తలలైటు ఎట్ల తీస్కుంటడో మీ ఆయన ఎన్నడన్న చెప్పిండా?”

“లేదు కాకా.”

“టోకెన్ బిళ్ళ నా చేతిల పెడితెనే లైటు. బిళ్ళను మేకుకు తగిలిస్త. లైటు తెచ్చి ఇస్తెనే బిళ్ళ. మేనేజరైనా గంతే. బిళ్ళ మేకుకే ఉన్నదంటే మనిషి ఇంక పైకి రాలేదన్నట్టు.”

సంతోషీ కెరోలినూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని ఒక్కసారే నవ్వారు. మర్నాడే ఓ పాత చెక్క మీద వరసగా మేకులు కొట్టారు. ప్రతి మేకు కిందా ఓ నంబరు రాసి, అదే నంబరు పళ్ళెం వెనక రంగుతో వేశారు. ఉపేందర్ చూసి, “లెక్కకు మంచిగున్నది,” అని మెచ్చుకున్నాడు. సంగతేమిటని అడగలేదు. ఆడవాళ్ళ పని గురించి అడిగే అలవాటు ఆయనకు ఉంటే కదా!

వనభోజనాల రోజున పళ్ళేల బల్ల వెనక మత్తయి దర్జాగా కుర్చీ వేసుకున్నాడు. “బండిదో ఇంటిదో తాళం ఇయ్యి, పళ్ళెం తీస్కో. కడిగిన పళ్ళెం తే, తాళం తీస్కపో.” వరసలో నిలబడ్డవాళ్ళు ముందు తికమక పడ్డారు, తర్వాత ఎవరో “అరే, ల్యాంప్ రూం పెట్టిండ్రురా!” అని అరిచేసరికి గొల్లుమన్నారు. జన్మంతా పాటించిన రూలు. ఒక్కొక్కరే తాళం తీసి ఇచ్చారు, మత్తయి మేకులకు తగిలించాడు. భోజనాలయ్యాక చూడాలి ఆ సంబరం! సంపత్ అనే ఆయన పొయ్యిలోని బూడిద కొబ్బరిపీచుకు అద్దుకుని, ఎటు నుంచి ఎటు రుద్దాలో తెలియక పెళ్ళాం కోసం చుట్టూ చూశాడు. ఆమె ఎప్పుడో నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. కడిగిన నీళ్ళు మొక్కలకు పోసి, ఎవరి పళ్ళెం బాగా మెరుస్తోందని పోటీలకు దిగారు మగవాళ్ళు.

సంతోషి వేడన్నం తిన్నది, రెండోసారి అడిగి మరీ పప్పు వేయించుకుంది. తన పళ్ళెం కడిగి ఇచ్చేసి గోదావరిలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అవతలి ఒడ్డు ఇంత దగ్గరగా కనిపిస్తుందని ఆమెకు తెలియదు.

అంతలో మత్తయి కేక వేశాడు. “ఇంకొకడు పైకి రాలే!”

గనివాళ్ళకు ఆ మాట ఆట కాదు. అందరూ ఠక్కున తలలు తిప్పారు. మేకులకు ఒక్క తాళమే మిగిలింది. ఆ తాళం తాలూకు మనిషి చెట్టు కింద పేపరు విలేకరికి ఇంటర్వ్యూ ఇస్తున్నాడు. ఎంగిలి పళ్ళెం పక్కనే ఉంది.

“నాది సంతోషి కడుగుతది కాకా,” అన్నాడు ఉపేందర్, తేలిగ్గా.

“ఒకని లైటు ఇంకొకలు తెచ్చిస్తే నేనెన్నడు తీస్కోలే బిడ్డా.”

ఇప్పుడందరూ సంతోషిని చూశారు. ఆమె మోకాళ్ళు వాటంతటవే లేచాయి. ఇన్నేళ్ళ అలవాటు, పిలవకముందే లేచే ఒళ్ళు అది. సగం లేచింది, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది కూడా. మీ ఆయన పరువు, నలుగురిలో గొడవ ఎందుకు, ఒక్క పళ్ళెమేగా అని లోపల ఎవరో గొణుగుతున్నారు. ఒక్క పళ్ళెమే. ఇన్నేళ్ళుగా ప్రతిసారీ ఒక్క పళ్ళెమే. ఆమె మళ్ళీ కూర్చుంది, నీళ్ళలో కాళ్ళు ఇంకాస్త ముందుకు చాపింది.

“నాకేం తొందర లేదు కాకా. ఆయన కడిగేదాంక ఈడనే ఉంట.”

నవ్వులు మిన్నంటాయి. ఉపేందర్ మొహం కందగడ్డ అయింది. కానీ తాళం కావాలి కదా, బూడిద అందుకున్నాడు. విలేకరి టక్కున ఫోటో కొట్టాడు.

మర్నాడు పేపర్లో ఆ ఫోటో, కింద “మార్పు ఇంటి నుంచే” అన్న ఆయన మాటే వేశారు. ఉపేందర్ మురిసిపోతూ దాన్ని తల్లికి చూపించి, ఉప్మా తిని, డ్యూటీకి బయల్దేరబోయి బండి తాళం కోసం వెతికాడు. తాళం వంటింట్లో, సింకు మీద గోడకు వేలాడుతోంది, మేకుల చెక్కతో సహా. దాని కిందే ఆయన తిన్న పళ్ళెం.

“ఇదేంది సంతోషీ?”

“పేపర్ల వడ్డది గద. మొదలుపెట్టు.”

ఆయన పేపరు వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు, చొక్కా చేతులు మడిచాడు. నల్లా తిప్పిన చప్పుడు విని లస్మవ్వ మెల్లగా వచ్చి గుమ్మంలో నిలబడింది. కొడుకు పళ్ళెం తోమడం చాలాసేపు చూసింది. తర్వాత చెక్కను పైనుంచి కిందికి తడిమి అడిగింది.

“ఇండ్ల నా మేకు ఏదే?”

“నీకు లేదత్తా. నువ్వు రిటైరైనవ్.”

లస్మవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ముందు గదిలోకి వెళ్ళి కొమురెల్లి ఫోటో కింద కుర్చీ లాక్కుని, ఒళ్ళంతా వాల్చి కూర్చుని, అక్కణ్ణుంచే కేక వేసింది.

“మరి నా దండేదే?”