పోటు వేళ జమ్ముకోడి

ఆ పక్షి జమ్ములో గూడు కట్టి పిల్లల్ని చేస్తుందా, లేక మేతకు వచ్చిపోతుందా? ఈ అనుమానం యలమందయ్యను ఏళ్ల తరబడి వదల్లేదు. వేటపాలెం అవతల ఉప్పుటేటి పక్కన అతనికి ఇళ్ల కప్పుకు వాడే జమ్ము కాస్త ఉంది. ఏటా ఏరువాక పున్నమి దాటగానే కోసేవాడు. లోపలెక్కడో జమ్ముకోడి అరిచేది గానీ కంటికి ఆనేది కాదు. ఎందుకైనా మంచిదని ముందుగా ఒక కొబ్బరికాయ కొట్టి, తప్పు కాయమని స్వామికి దండం పెట్టుకునేవాడు. తెలియక చేసే తప్పుకు కొబ్బరికాయ చాలు, అనుమానం ఉండీ చేసేదానికి చాలుతుందా అని ఆ దండంలోనే మళ్లీ సందేహం.

ఈ ఏడు జమ్ము తప్పనిసరిగా కావాల్సి వచ్చింది. చాలా ఏళ్ల కిందట గాలివానకు అతని గొడ్లచావడి ఎగిరిపోతే, స్నేహితుడు ఖాదర్ వలి తన ఇంటికని దాచుకున్న జమ్మంతా తెచ్చి కప్పాడు. బదులు తీర్చడం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఖాదర్ వలి వంటపాక కారుతోంది.

సరిగ్గా అప్పుడే పక్షుల లెక్క కోసం చీరాల నుంచి అనూష వచ్చింది. గూడుంటే దసరా దాకా కోత ఆపమనీ, లేకపోతే కోసుకోమనీ చెప్పింది. అరుపు వింటే చాలదు, గూడో పిల్లో కంటబడాలట. లోపలికి మాత్రం వెళ్లకూడదట, మనిషి వెనకే కాకులు చేరతాయట.

ఖాదర్ వలి నవ్వాడు. "నీళ్లెక్కే చోట గుడ్లు పెట్టడానికి ఆ కోడికేమన్నా పిచ్చా అమ్మాయ్? మేం ఎన్నిసార్లు చూశాం!"

"ఏ వేళప్పుడు చూశారండీ?"

నీళ్లు తీసిన ఆటు వేళ తప్ప జమ్ములో దిగే అలవాటు ఆ ఊళ్లో ఎవరికీ లేదు. పోటు వస్తే అందరూ గట్టెక్కుతారు. నీళ్లు తీసినప్పుడు పక్షి బురదలో మేతకు పోతుందనీ, పోటుకు చూద్దామనీ అంది అనూష.

పున్నమి పొద్దున యలమందయ్య స్నానం చేసి, పూజ ముగించుకుని వచ్చాడు. ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు. నీళ్లు పైకి పాకుతున్నాయి. గోధుమరంగు కోడి ఒకటి గబగబా వచ్చి, ఎండు జమ్ము ఆకు నోట కరుచుకుని లోపలికి దూరింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. అనూష దుర్భిణిలో చూపించింది. నీళ్లు పెరిగేకొద్దీ గూడు ఎత్తు చేస్తోంది. అందులో చుక్కల గుడ్లు.

"ఒరేయ్ యలమందా, మనకంటే నయంరా ఇది. నీళ్లు రాకముందే ఇల్లు సర్దుకుంటోంది," అన్నాడు ఖాదర్ వలి.

యలమందయ్య చేతులు జోడించాడు. వెంటనే మొహం వాడిపోయింది. తన పాక సంగతి మరిచిపొమ్మన్నాడు ఖాదర్ వలి. యలమందయ్య ససేమిరా అన్నాడు. "దేవుడు జమ్మొక్కటే ఇచ్చాడంట్రా కప్పుకోడానికి? చేలో తాటిచెట్లున్నాయి."

తాటాకులు కొట్టించి, పరిచి బరువు పెట్టి ఆరనిచ్చాక, తనే పాక మీదకెక్కాడు. కింద నుంచి ఆకు అందిస్తూ ఖాదర్ వలి ప్రతి వరసకూ వంక పెట్టాడు.

"నీ చావడికి నేను ఇట్టా సొట్టగా కప్పానంట్రా?"

"నువ్వు గట్టిగా కప్పబట్టే ఇన్నేళ్లు నీకు బాకీ పడి ఉన్నా. ఆకు అందియ్."

సాయంత్రం వాన దంచికొట్టింది. ఖాదర్ వలి భార్య కరీమున్ అలవాటు కొద్దీ కారే చోట గిన్నె పెట్టింది. వాన వెలిశాక చూస్తే గిన్నె పొడిగా ఉంది. అందులోనే టీకి పాలు పోసింది.